కుందమ్మ ముఖం

ఆళ్లగడ్డ,
జూన్ 18

జనార్దనం శెట్టికి ఓబుళాచారి రాస్తున్నది,

ఫోన్ చేసి చేసి విసిగిపోయావని కబురు అందింది. నలభై ఏళ్లు రాయి మీద సుత్తి దెబ్బలు విన్న చెవులివి. ఫోన్‌లో నీ మాట నాకు ఈగ రొదలాగా ఉంటుంది. చెవి మిషన్ పెట్టుకోమని మళ్లీ చెప్పకు, పెట్టుకోను. చెప్పాలనుకున్నది కాగితం మీద రాయి. కళ్లు బాగానే ఉన్నాయి.

విగ్రహం సంగతికి వస్తాను. నంద్యాలలో కుందూ ఒడ్డున చిన్న గుడి కడుతున్నాం, నదమ్మ విగ్రహం చెక్కివ్వమని నువ్వూ నీ కమిటీ వాళ్లూ అడిగారు. సరేనన్నాను. కానీ ఎవరిని చెక్కుతున్నానో తెలియకుండా ఉలి పట్టే అలవాటు నాకు లేదు. నంద్యాల దగ్గర కుందూను బడికి పోయే రోజుల నుంచీ చూస్తున్నాం గానీ, అది పుట్టే చోటు ఇద్దరమూ చూడలేదు. మొన్న ఓర్వకల్లు వైపు బస్సెక్కి పోయాను.

ఏముందక్కడ? బండల మధ్య కాస్త చెమ్మ, దాని కింద ఒక సన్నటి ధార. గొర్రెలు తాగుతున్నాయి. నేనొక్కడినే ఒక అంగలో దాటేశాను. మన కుందూ ఇదేనా అని గొర్రెలు కాసే ముసలమ్మను అడిగితే నా చెవిలో నోరు పెట్టి అరిచింది. "ఇదే నాయనా. ఈడ సంటిపిల్ల. నంద్యాలకు పోయేటాలకు దానికి పొగరొస్తాది" అంది.

ఆ మాటతో నాకు ముఖం దొరికింది. మీ కమిటీ నాలుగు చేతులూ, కిరీటమూ, కింద మొసలీ అడిగింది. అవేవీ ఉండవు. రెండే చేతులు, చంకలో బిందె, ఇరవై ఏళ్ల పిల్ల. నచ్చితే ఉంచుకోండి, నచ్చకపోతే ఇంకొకరి దగ్గరికి పోండి. ఆళ్లగడ్డలో శిల్పులకు కరువా?

ఊపిరితిత్తుల నిండా రాతిదుమ్మే ఉందంటున్నాడు డాక్టర్. ఈ బొమ్మ తర్వాత ఉలి పక్కన పెట్టమన్నాడు. పెడతాను. ముందు ఇది కానివ్వు.

ఓబుళాచారి


నంద్యాల,
ఆగస్టు 21

ఓబుళాచారీ,

నీ కోపం తగలెయ్య, ఎంత బాగా చెక్కావయ్యా! బండి మా పాత్రల అంగడి ముందు ఆగింది. గడ్డి తీసి గోనెపట్టా విప్పగానే ఇత్తడి బిందె బేరం చేస్తున్న ఆడవాళ్లు బిందె అక్కడే వదిలేసి బయటికి వచ్చారు. కమిటీ వాళ్లు మాత్రం మొదట సణిగారు. "కిరీటం యాడప్పా?" అని ఒకరు, "మొసలి యాడ?" అని ఒకరు. కాసేపు చూశాక వాళ్లే చెప్పులు విడిచి దండం పెట్టారు.

కళ్లు లేవేందీ అని అందరూ అడుగుతున్నారు. ప్రతిష్ఠ రోజున శిల్పి తన చేత్తో బంగారు సూది పట్టి కళ్లు తెరుస్తాడనీ, అంతవరకూ ఆ చోటు నున్నగానే ఉంటుందనీ చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది.

మా శివమ్మ మేడ దిగి వచ్చి బొమ్మ ముందు చాలాసేపు నిలబడింది. తర్వాత లోపలికి పోయింది. "ఏందీ, నచ్చలేదా?" అంటే, "నచ్చక కాదులే" అని పొయ్యి ముట్టించింది. ఆ పూట పప్పులో ఉప్పు మరిచిపోయింది. పెళ్లయినప్పటి నుంచీ ఆమె ఉప్పు మరవడం నేను చూడలేదు.

ఇప్పుడొక సంగతి తేల్చు. ప్రతిష్ఠకు ముందు విగ్రహాన్ని నీళ్లలో ఉంచాలి కదా. పూజారి, "తొట్టి చాలప్పా, పైన వానలు పడతాండాయి" అంటున్నాడు. పెద్ద ప్లాస్టిక్ తొట్టి మా గోదాములోనే ఉంది. ఏం చేద్దాం?

జనార్దనం


ఆళ్లగడ్డ,
ఆగస్టు 25

జనార్దనం,

నదిని తెచ్చి ప్లాస్టిక్ తొట్టిలో ముంచుతారా? మీకు సిగ్గు లేకపోతే నాకుంది.

నీళ్లలో పెట్టేది తంతు కోసం మాత్రమే అనుకోవద్దు. రాయిలో వెంట్రుకంత పగులు దాగి ఉన్నా నానితే బయటపడుతుంది. పారే నీళ్లలో ఇంకా బాగా తెలుస్తుంది. కుందూలోనే పెట్టండి. ఘాట్ మెట్ల పక్కన ఇనుప కమ్మీకి తాడుతో కట్టండి. వాన అంటావా, ఆమె ఇంట్లో ఆమెకు భయమేమిటి?

ప్రతిష్ఠ ముందు రోజు సాయంత్రానికి వస్తాను. సూది సిద్ధంగా ఉంది.

శివమ్మ ఏమందో రాయి. ఉప్పు సంగతి నాకెందుకు?

ఓబుళాచారి


నంద్యాల,
సెప్టెంబరు 3

ఆచారీ,

ఎలా రాయాలో తెలియడం లేదు. అందుకే నేరుగా రాసేస్తున్నాను. విగ్రహం పోయింది.

నువ్వు చెప్పినట్టే ఘాట్ దగ్గర మెడలోతు నీళ్లలో నిలబెట్టి, కొత్త నైలాన్ తాడుతో కట్టాం. మేళం పెట్టించాం. ఆడవాళ్లు పసుపు నీళ్లు పోశారు. మర్నాడు ఎగువన వాన దంచింది. మధ్యాహ్నానికి కుందూ ఎర్రబారింది. నేను అంగడి మూయించి పరుగెత్తేసరికి మెట్లు కనిపించడం లేదు. ఓర్వకల్లు దగ్గర ఒక అంగలో దాటానన్నావే, ఆ పిల్లేనయ్యా ఇది. గేదెలను తోసుకుపోతోంది, చెట్లను మోసుకుపోతోంది. పూజారి నా భుజం పట్టుకుని వెనక్కి లాగాడు, లేకపోతే దిగేవాణ్ణి.

నీళ్లు తీశాక చూస్తే కమ్మీ వంగిపోయి ఉంది. తాడు తెగి వేలాడుతోంది. ఇసుక మేట వేసి ఆ చోటు ఎక్కడో కూడా గుర్తుపట్టలేకపోయాం. తొట్టిలో పెట్టి ఉంటే బాగుండేదని అందరూ అంటున్నారు. నేను అనను. కానీ నువ్వు రాసింది చదివి తల ఊపింది నేనే కదా. కమిటీలో పెద్దవాణ్ణి, వద్దని ఉండాల్సింది. అన్నం సహించడం లేదు.

జనార్దనం


ఆళ్లగడ్డ,
సెప్టెంబరు 9

జనార్దనం,

నేను చెప్పాను, నువ్వు చేశావు. నిన్ను తిట్టి ఏం లాభం?

కమిటీ వాళ్లు ఇంకొకటి చెక్కమంటారు. నా వల్ల కాదు. ఉలి పట్టి నాలుగు దెబ్బలు కొడితే దగ్గుతో కూలబడుతున్నాను. చేతనైనా ఆ ముఖం మళ్లీ రాదు.

వెతుకు. నాకు గుడి అక్కర్లేదు, ప్రతిష్ఠ అక్కర్లేదు. బొమ్మ దొరికితే చాలు. దిగువ ఊళ్లలో అడుగు.

ఓబుళాచారి


నంద్యాల,
డిసెంబరు 14

ఆచారీ,

అంగడి మా చిన్నవాడు మహీధర్‌కు అప్పగించి కుందూ వెంట పడ్డాను. మనిషి పోయినా ఇంత వెతకరు అని శివమ్మ సాధిస్తోంది.

కోవెలకుంట్ల దాకా ఒక విడత పోయాను. తర్వాత ఇంకా కిందికి, మీ ఆళ్లగడ్డ వక్కిలేరు నీళ్లు కుందూలో కలిసే వైపుకు కూడా పోయాను. రేవు కనిపిస్తే ఆగడం, బట్టలుతికే వాళ్లను అడగడం. "నల్లరాతి ఆడమనిషి బొమ్మ, చంకలో బిందె" అంటే పాపం అందరూ ఆలోచిస్తారు. ఒక ఊళ్లో ఒకాయన, "మా ఊరి మాంకాళమ్మను ఎత్తకపోను వచ్చినావేమో" అని కట్టె తీసుకుని వెంటబడ్డాడు. ఈ వయసులో నన్ను పరుగెత్తించావు.

చివరికి కమలాపురం దగ్గర మన కుందూ పెన్నలో కలిసే చోటుకు చేరాను. చూస్తే దిగులేసింది ఆచారీ. నంద్యాలలో ఇళ్లు ముంచి ఊరిని ఏడిపించే నది, అక్కడ చప్పుడు లేకుండా పోయి ఇసుకలో పెన్న పక్కన పడుకుంది. అక్కడి నుంచి దాన్ని కుందూ అనేవాళ్లు లేరు.

బొమ్మ కనిపించలేదు. సంక్రాంతి తిరునాళ్ల బేరాలు అయ్యాక పెన్న వెంట ఇంకా కిందికి, నెల్లూరు దాకా పోయి చూస్తాను.

జనార్దనం


ఆళ్లగడ్డ,
డిసెంబరు 20

జనార్దనం,

నెల్లూరు దాకా పోవద్దు. రాయి అంత దూరం పోదు. సోమశిల దగ్గర అంత పెద్ద ఆనకట్ట ఉండగా రాయి ఎలా దాటుతుంది? బుద్ధి ఉండే ఆలోచిస్తున్నావా?

పెన్న మన నది కాదు. కమలాపురంతో ఆపెయ్.

ఓబుళాచారి


నంద్యాల,
ఏప్రిల్ 11

ఆచారీ,

దొరికింది!

ఎక్కడనుకున్నావు? ఊళ్లన్నీ తిరిగి కట్టెదెబ్బలు తప్పించుకుని వస్తే, మనం పెట్టిన చోటు నుంచి కేక వేస్తే వినబడేంత దూరంలో ఇసుక కింద పడుకుని ఉంది. ఎండకు నీళ్లు తగ్గాక తాగే నీళ్లకు చెలమ తవ్వుకునే వాళ్ల గునపానికి తగిలింది. నేను పోయేసరికి ముఖం మీద ఇసుక తుడిచి, తువ్వాలు కప్పి పెట్టారు.

కానీ ఎడమ చెవి పోయింది. బిందె అంచు విరిగింది. భుజం మీదుగా ఒక పగులు ఉంది. పూజారి చూసి తల అడ్డంగా తిప్పాడు. విరిగి భిన్నమైన విగ్రహం పూజకు పనికిరాదు, లోతు నీళ్లలో వదిలెయ్యాలి, సముద్రమైతే ఇంకా మంచిది అన్నాడు. కమిటీ వాళ్లు వేరే విగ్రహానికి ఏర్పాటు చేసుకుంటున్నారు.

శివమ్మ ఏమందో రాయమన్నావు కదా, ఇన్నాళ్లూ దాచాను. బొమ్మ వచ్చిన రోజు పడుకోబోతూ అంది. "ఇది మన ఉష ముఖం కదప్పా. ఆచారన్న కూతుర్ని చెక్కి పంపినాడు" అని. నేను నమ్మలేదు. మొన్న ఇసుక తుడిచిన ముఖం చూశాక నమ్మాను. చిన్నప్పుడు మా అంగడి మెట్ల మీద కూర్చుని బొరుగులు తిన్న పిల్లను గుర్తుపట్టలేకపోయాను చూడు.

నువ్వు నెల్లూరు వైపు పోవద్దని ఎందుకు అరిచావో కూడా అర్థమైంది. ఉషశ్రీ ఫ్రాన్సిస్‌ను పెళ్లి చేసుకుని పోయి ఇరవై ఏళ్లు దాటింది. వాళ్లు ఉండేది పెన్న సముద్రంలో కలిసే ఊటుకూరు దగ్గరేనని నాకూ తెలుసు.

చెప్పు, ఈ బొమ్మను ఏం చెయ్యమంటావు?

జనార్దనం


ఆళ్లగడ్డ,
ఏప్రిల్ 16

జనార్దనం,

పూజారి చెప్పింది సరే. దగ్గర్లో ఏదైనా మడుగు చూసి వదిలెయ్. సముద్రం దాకా మోయాల్సిన పని లేదు.

ఎక్కడ వదిలావో నాకు రాయకు.

ఓబుళాచారి


నెల్లూరు,
మే 6

ఆచారీ,

నీ మాట వినలేదు. తిట్టుకో. చిన్న ట్రక్కులో గడ్డి పరిచి బొమ్మను పడుకోబెట్టి, డ్రైవర్ పక్కన కూర్చుని బయలుదేరాను. ఇప్పుడు నెల్లూరు లాడ్జిలో కూర్చుని రాస్తున్నాను. ఇంటికి చేరేలోపు మనసు మారుతుందేమోనని ఇక్కడే రాసేస్తున్నాను.

సిద్ధవటం దగ్గర పెన్న కోట గోడను రాసుకుంటూ పోతుంది. సోమశిల దగ్గర ఆగి సముద్రమంత అవుతుంది. ఇదే సముద్రమనుకుని బొమ్మను అక్కడే వదిలేసి వెనక్కి తిరుగుదామా అనిపించింది, నీ భయం నాకూ పట్టుకుంది. నెల్లూరు దాటాక అన్నీ కాలువలు, వరి, ఆ తర్వాత రొయ్యల చెరువులు. నది చివర ఏదో గొప్పగా ఉంటుందనుకున్నాను. ఏమీ లేదు. వెడల్పయిపోయి, లోతు తగ్గి, ఇసుక తిన్నె పక్కగా మెల్లగా జారి కలిసిపోయింది. పోటు వచ్చినప్పుడు ఉప్పునీళ్లే ఎదురు లోపలికి వస్తాయట.

అంగన్‌వాడీ టీచరమ్మ ఇల్లు అంటే ఊళ్లో ఎవరైనా చూపించారు. ఉషే తలుపు తీసింది. "జనార్దనం చిన్నాయనా!" అంది. మాట ఏమీ మారలేదు, అచ్చం మన ఆళ్లగడ్డ మాటే. ఫ్రాన్సిస్ రొయ్యల చెరువుల దగ్గర సూపర్‌వైజర్. ఒక్కతే కూతురు, బ్లెస్సీ, ఇంటర్ చదువుతోంది.

సముద్రంలో కలపడానికి ఒక విగ్రహం తెచ్చానని చెప్పాను. ఎవరు చెక్కారో చెప్పలేదు. ట్రక్కు మీద గోనెపట్టా తనే తొలగించింది. నిలబడిపోయింది. బ్లెస్సీ వచ్చి, "అమ్మా, నువ్వే!" అంది. ఉష బొమ్మ కళ్లుండాల్సిన చోట వేలితో తడిమింది. తర్వాత అడిగింది.

"కండ్లు ఏల పెట్టలేదు చిన్నాయనా?"

"కండ్లు ఆఖరున తెరుస్తారమ్మా. ఆ పొద్దు రాకముందే వరదకు పోయింది."

"అయితే నాయన ఇంకా నన్ను చూడనే లేదు" అంది.

భిన్నమైంది కాబట్టి నీళ్లలో వదలాలని పూజారి చెప్పింది కూడా చెప్పాను. అప్పుడు నవ్వింది ఆచారీ, ఆ నవ్వు చూడలేకపోయాను. "పెండ్లి చేసుకుంటానని చెప్పిన పొద్దు నాయన నన్ను వాకిట్లో నిలబెట్టి ఇదే మాట అన్నాడు. పగిలిన బొమ్మను గుళ్లో పెట్టరు, పో అన్నాడు. మా ఇండ్లలో ఆ లెక్క లేదు చిన్నాయనా. దించు, ఈడే ఉంటాది" అంది.

నలుగురం పట్టి ఇంటి ముందు మునగచెట్టు కింద నిలబెట్టాం. తనే చెంబుతో నీళ్లు పోసి, కొంగుతో చెవి విరిగిన చోట మెల్లగా తుడిచింది. చేపల పులుసు వద్దంటానని తెలిసి నా కోసం విడిగా పప్పు చేసింది. ఇల్లు శుభ్రంగా ఉంది. కొళాయి ఉంది. గాలి బాగా వస్తుంది. నీ దగ్గు గురించి చెప్పాను. చెవుల గురించి మాత్రం చెప్పలేదు, అన్నీ ఒక్కసారే ఎందుకని.

మొత్తానికి కుందమ్మ సముద్రం దగ్గరికి చేరింది. బాగానే ఉంది.

జనార్దనం


ఆళ్లగడ్డ,
మే 14

జనార్దనం,

నీ ఉత్తరం నాలుగు పేజీలు. సిద్ధవటం కోట గురించి రాశావు, రొయ్యల చెరువుల గురించి రాశావు. పప్పు గురించి రాశావు, కొళాయి గురించి కూడా రాశావు.

నన్ను రమ్మని అడిగిందో లేదో మాత్రం రాయలేదు.

నువ్వు ఎక్కువ మాట్లాడితే ఏదో దాస్తున్నావని బడిలోనే నాకు తెలుసు. ఒక్క ముక్కలో రాయి.

ఓబుళాచారి


నంద్యాల,
మే 19

ఆచారీ,

అడగలేదు.

నేనే అడిగించాలని చూశాను. "నాయనకు ఏమన్నా చెప్పమంటావా?" అన్నాను. "చెప్పేది శానా ఉంది. నీతో కాదు" అంది. అంతే. క్షమించు.

జనార్దనం


ఊటుకూరు,
జూన్ 2

జనార్దనం,

అడగకపోయినా వచ్చాను. ఆళ్లగడ్డలో బస్సెక్కి, దగ్గుతూ, దారిలో రెండు చోట్ల దిగి కూర్చుని, మొత్తానికి చేరాను. నిన్ను వెంట రమ్మంటే వచ్చేవాడివి. కానీ నువ్వుంటే నువ్వే మాట్లాడతావు.

వాకిట్లోకి వచ్చేసరికి మునగచెట్టు కింద బొమ్మ కనిపించింది. దాని పక్కన ఒకామె తొట్టిలో నీళ్లు పడుతోంది. ముందు వెంట్రుకలు నెరిశాయి, కళ్లద్దాలు ఉన్నాయి, నడుం కాస్త వంగింది. ఉష ఇంట్లో ఉందామ్మా అని అడగబోయాను. నోటిదాకా వచ్చిన మాట మింగాను. నా కూతురిని నేను గుర్తుపట్టలేదు జనార్దనం. ఇరవై ఏళ్ల పిల్ల ముఖం రాతిలో పట్టి పెట్టుకుని, అదే ముఖం ఎదురొస్తుందని ఇంత దూరం వచ్చాను. ఈ ముఖం నేను ఎప్పుడూ చూడలేదు.

ఆమె కొళాయి కట్టేసింది. లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. కుర్చీ తెచ్చి వేసింది. ఫ్రాన్సిస్ నాకు దండం పెట్టి చెరువుల వైపు వెళ్లిపోయాడు. మంచివాడే అనుకుంటాను. నేను కూర్చున్నాక ఆమె ఎదురుగా గట్టు మీద కూర్చుని మాట్లాడటం మొదలుపెట్టింది.

నా చెవుల సంగతి నువ్వు చెప్పలేదు. నేనూ చెప్పలేదు. మొదటి మాట నుంచే నాకేమీ వినబడలేదు. సముద్రం గాలి కూడా ఉంది. వినబడటం లేదు తల్లీ, గట్టిగా చెప్పు అందామనుకున్నాను. అంటే ఆపేస్తుందేమో, ఆపితే మళ్లీ మొదలుపెట్టదేమో అని భయమేసింది. వింటున్నట్టే తల ఊపుతూ, చూస్తూ కూర్చున్నాను. పెదాలు కదులుతున్నాయి. ఒకచోట కోపం, ఒకచోట ఏడుపు, ఒకచోట చెయ్యి చాపి బ్లెస్సీని చూపించి ఏదో అడిగింది, మళ్లీ తనే జవాబు చెప్పుకుంది. ఒకచోట అమ్మ అన్నట్టు పెదాలు కదిలాయి, వాళ్లమ్మ పోయినప్పటి మాటేమో, అప్పుడు నేను కబురు పంపలేదు కదా. నీడ చెట్టు ఇవతలి నుంచి అవతలికి పోయేదాకా చెప్పింది. ఇరవై ఏళ్లుగా దాచుకున్నదంతా చెప్పింది.

చివర ఒక ప్రశ్న అడిగి ఆగింది. నా వైపే చూస్తూ ఉంది. దానికీ తల ఊపాను. అది తల ఊపే ప్రశ్న కాదనుకుంటాను. ఆమె ముఖం మారిపోయింది. బ్లెస్సీ పరుగున వచ్చి తన చెవి మీద చెయ్యి పెట్టి తల్లికి ఏదో సైగ చేసింది. అప్పుడు తెలిసింది ఉషకు.

బ్లెస్సీ నోటుబుక్కూ పెన్నూ తెచ్చి కూర్చుంది, అమ్మ చెప్పిందంతా రాసిస్తానని. ఉష ఆ పెన్ను తీసేసుకుంది. నేను రెండు చేతులూ జోడించాను, రాయించమ్మా అని. తల అడ్డంగా తిప్పింది. లోపలికి పోయి అన్నం పెట్టుకొచ్చింది. తిన్నాను. మాపటికి పక్క కూడా వేసింది. ఇంకో పది రోజులు ఉండమని బ్లెస్సీ రాసి చూపించింది, ఉంటాను. ఉష నాతో బాగానే ఉంది. నీళ్లు కావాలా అంటే సైగ చేస్తుంది, మందు వేసుకోమంటే సైగ చేస్తుంది. ఆ మాటలు మాత్రం మళ్లీ చెప్పదు.

నిన్ను పిలిచి అడిగించాలనుకున్నాను. వద్దు. అవి నాకు చెప్పిన మాటలు.

నా కూతురు ఇరవై ఏళ్ల మాటలు చెప్పినంత సేపూ నేను తల ఊపుతూనే ఉన్నాను జనార్దనం. ఏ మాటకు ఊపానో నాకు తెలియదు.

ఓబుళాచారి